‘క్రైమ్స్ ఆఫ్ ది హార్ట్’: ఒక నవ్వు ఖరీదు

అమెరికన్ రచయిత్రి బెత్ హెన్లీ రాసిన ‘క్రైమ్స్ ఆఫ్ ది హార్ట్’ నాటకాన్ని నేను చాలా ఏళ్ళు ఎం.ఏ. తరగతికి పాఠం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒకే మాటతో ముగించేవాణ్ణి: ఇది అక్కచెల్లెళ్ళ నాటకం, విడిపోయిన ముగ్గురు ఆడవాళ్ళు మళ్ళీ ఒకటి కావడమే దీని ఇతివృత్తం, అని. ఆ మాట అబద్ధమని ఇప్పటికీ అనుకోను. కాని అది సగం మాట మాత్రమేనని నాకు తెలియజెప్పినవాడు ఏ విమర్శకుడూ కాదు, వెనక బెంచీలో కూర్చునే ఒక విద్యార్థి. పాఠం అయిపోయి, నవ్వులన్నీ అయిపోయాక, అతను లేచి నిలబడి, “ఇంతకీ ఆ కుర్రాడు ఏమయ్యాడు సార్?” అని అడిగాడు.

బస్సెక్కి వెళ్ళిపోయాడని చెప్పాను.

“ఎక్కడికి సార్?”

“ఉత్తరాదికి.”

“ఎవరి దగ్గరికి?”

దానికి నాటకంలో జవాబు లేదు. నా దగ్గరా లేకపోయింది. ఇంతలో గంట కొట్టారు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను ఆలస్యంగా చెప్పుకుంటున్న జవాబు.

నాటకం చదవని పాఠకుల కోసం ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు కొంత చెప్పాలి. బెత్ హెన్లీ 1952లో మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్‌లో పుట్టింది. ఈ నాటకం 1979లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరంలో మొదటిసారి ప్రదర్శితమైంది. 1981లో, ఇంకా బ్రాడ్వే రంగస్థలం ఎక్కకముందే, దీనికి పులిట్జర్ బహుమతి వచ్చింది. నాటక రచనకు ఇచ్చే ఆ బహుమతి 1958 తర్వాత ఒక స్త్రీకి దక్కడం అదే మొదటిసారి. ఆ ఏడే నవంబరులో బ్రాడ్వేకు చేరి ఐదు వందలకు పైగా ప్రదర్శనలు ఆడింది. 1986లో సినిమాగా కూడా వచ్చింది. అంటే ఇది మూలన పడిన పుస్తకం కాదు; లక్షలాది మంది చూసి, నవ్వి, కళ్ళు తుడుచుకుని ఇంటికి వెళ్ళిన నాటకం. అందుకే దీన్ని గట్టిగా విమర్శించడం అవసరమనుకుంటాను.

కథ జరిగే చోటు మిసిసిపీలోని హేజల్‌హర్స్ట్ అనే చిన్న పట్టణం. 1969 ఆగస్టులో కమీల్ తుఫాను ఆ రాష్ట్రపు తీరాన్ని ధ్వంసం చేసిన ఐదేళ్ళకు, అంటే 1974లో, కథ మొదలవుతుంది. మూడంకాలూ మెక్‌గ్రాత్ వారి వంటింట్లోనే నడుస్తాయి. పెద్దది లెనీ. ఆ రోజుతో ఆమెకు ముప్పై ఏళ్ళు నిండాయి. బిస్కట్టు మీద కొవ్వొత్తి నిలబెట్టి, తన పుట్టినరోజు పాట తనే పాడుకుంటూ ఉండగా మనం ఆమెను మొదట చూస్తాం. నడిమిది మెగ్. గొప్ప గాయని అవుతానని హాలీవుడ్ వెళ్ళి, మతి చెదిరి ఆసుపత్రిలో పడి, చివరికి కుక్కల తిండి తయారుచేసే కంపెనీలో గుమాస్తాగా తేలింది. కడగొట్టుది బేబ్, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. భర్త జాకరీ పేరున్న న్యాయవాది, రాష్ట్ర శాసనసభలో సెనేటరు. అతన్ని ఆమె ముందురోజు పిస్తోలుతో కడుపులో కాల్చింది. కాల్చి, నిమ్మరసం కలుపుకుని తాగి, నీకూ కావాలా అని భర్తను అడిగింది. ఎందుకు కాల్చావని అడిగిన వాళ్ళందరికీ ఆమె చెప్పే కారణం ఒక్కటే: అతని వాలకం నచ్చలేదని.

ముగ్గురూ ఒకచోట చేరడానికి కారణం ఈ కేసు. కాని వాళ్ళను కలిపిన అసలు దుఃఖం పాతది. తండ్రి ఇల్లు విడిచి పోయాడు. తరువాత తల్లి నేలమాళిగలో ఉరిపోసుకుంది. తనతోబాటు తన ముసలి పిల్లిని కూడా ఉరితీసింది. ఆ పిల్లి మూలంగా వార్త దేశమంతా పాకింది. శవాన్ని మొదట చూసింది చిన్నపిల్లగా ఉన్న మెగ్. పిల్లలను పెంచిన తాత ఇప్పుడు పక్షవాతంతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంత విషాదాన్ని పెట్టుకుని హెన్లీ హాస్య నాటకం రాసింది. అది సామాన్యమైన సాహసం కాదు.

మన విమర్శకులు కొందరు ఇలాంటి నాటకాన్ని “కుటుంబ గాథ” అని ఒక్కమాటలో తోసిపుచ్చుతారు. అది సోమరితనం. అక్కచెల్లెళ్ళ మధ్య ఎడం ఎందుకు వచ్చిందో హెన్లీ చూపిన తీరు గమనించండి. మెగ్ లంగాకు అమ్మమ్మ పన్నెండు బంగారు మువ్వలు కుట్టించింది. మిగిలిన ఇద్దరికీ మూడేసి. ముప్పై ఏళ్ళు వచ్చినా లెనీ ఆ లెక్క మరిచిపోలేదు. తనకు బహుమతిగా వచ్చిన మిఠాయి పెట్టెలో ప్రతి బిళ్ళనూ మెగ్ ఒక్కొక్క కొరుకు కొరికి పెట్టిందని లెనీ గగ్గోలు పెడుతుంది. పైకి ఇది పసితనపు పోట్లాట. లోపల ఉన్నది పంపకాల తగాదా. ఒక ఇంట్లో ప్రేమ, ఆశ, సొమ్ము ఎవరికి ఎంత పంచారు, చాకిరీ ఎవరి వాటాకు వచ్చింది అన్న ప్రశ్న అది. ఇల్లు విడిచి వెళ్ళినదానికి కీర్తి మీద ఆశ పెట్టారు. ఇంట్లో ఉండిపోయినదానికి మంచం పట్టిన తాతను అప్పగించారు. రాత్రి ముసలాయన పిలిస్తే వినబడాలని లెనీ వంటింట్లోనే మడతమంచం వేసుకుని పడుకుంటుంది. రంగస్థలం మీద నాటకమంతటా ఆ మంచం మన కళ్ళెదుటే ఉంటుంది. ఆడదాని ఇంటిచాకిరీని గురించి పది ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ ఒక్క మంచం చెబుతుంది.

ఈ వాటాలు వేసినవాడు తాత. అతను రంగస్థలం మీద ఒక్కసారి కూడా కనబడడు, కాని ముగ్గురి నుదుటి రాతా అతనే రాశాడు. మెగ్ గాయని కావాలన్నది అతని కోరిక. బేబ్ జాకరీని పెళ్ళాడి సంఘంలో పైమెట్టు ఎక్కాలన్నది అతని కోరిక. లెనీకి పిల్లలు పుట్టే యోగం లేదు గనక ఏ మగవాడూ ఆమెను కోరడని నూరిపోసినవాడూ అతనే. అతను దుర్మార్గుడు కాదు. మనవరాళ్ళ మేలు కోరినవాడే. పితృస్వామ్యం చాలా ఇళ్ళల్లో మేలు కోరే ముసలాయన రూపంలోనే ఉంటుంది. హెన్లీకి ఈ సంగతి తెలుసు. అందుకే అక్కచెల్లెళ్ళ ఎడబాటుకు మూలం వాళ్ళ స్వభావాల్లో కాక ఆ ఇంటి కట్టుబాటులో వెతికింది.

కలయిక కూడా ఆ కట్టుబాటును తెంచుకోవడం ద్వారానే జరుగుతుంది. తాతకు మళ్ళీ పక్షవాతం వచ్చి స్పృహ తప్పిందన్న కబురు మెగ్‌కు చెప్పేటప్పుడు అక్కచెల్లెళ్ళకు నవ్వు ఆగదు. ఆ నవ్వులో క్రూరత్వం లేదు, ఊపిరి ఉంది. తరువాత లెనీ, నిత్యం తమ కుటుంబాన్ని దెప్పే చిక్ అనే దాయాదిని చీపురు పట్టుకుని ఇంట్లోంచి తరిమేస్తుంది. తాత మాట నమ్మి తను వదులుకున్న మనిషికి ధైర్యం చేసి ఫోను చేస్తుంది. బేబ్ ఉరిపోసుకోబోతే ఆ ప్రయత్నం ఫలించదు. గ్యాస్ పొయ్యిలో తల పెడితే మెగ్ వచ్చి లాగుతుంది. ఆ క్షణంలో బేబ్‌కు తల్లి పిల్లిని ఎందుకు చంపిందో అర్థమవుతుంది. పిల్లి మీద పగతో కాదు, ఒంటరిగా చావడానికి భయపడి. చివర ఒకరోజు ఆలస్యంగా పుట్టినరోజు కేకు వస్తుంది. ముగ్గురూ కలిసి నవ్వుతుండగా నాటకం ఆగిపోతుంది.

ఇంతవరకు నేను తరగతిలో చెప్పిన పాఠం. ఇందులో ఒక్క వాక్యమూ వెనక్కు తీసుకోను. ఇక నేను చెప్పకుండా వదిలేసిన పాఠం చెబుతాను.

బేబ్ భర్తను కాల్చిన అసలు కారణం విలీ జే. అతను పదిహేనేళ్ళ నల్లజాతి కుర్రాడు. అతని కుక్క మూలంగా ఇద్దరికీ పరిచయమైంది. భర్త చేత దెబ్బలు తింటూ, ఒంటరితనంతో కుంగిపోతున్న బేబ్‌కు ఆ పరిచయం ప్రణయమైంది. ఒకనాడు జాకరీ ఇంటికి వచ్చి ఆ కుర్రాణ్ణి కొట్టి వాకిట్లోంచి కిందికి తోసేశాడు. బేబ్ తనను తాను కాల్చుకోవడానికి పిస్తోలు తీసి, చివరికి దాన్ని భర్త మీదికి తిప్పింది. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, వాలకం నచ్చక కాల్చానని వెర్రిమాట చెబుతూ వచ్చింది విలీ జేను కాపాడటానికే. ఆమె పాత్రలో ఉన్న ఔన్నత్యమంతా ఆ మౌనంలో ఉంది.

కాని జాకరీ అక్క ఒక గూఢచారిని పెట్టి ఇద్దరికీ ఫొటోలు తీయించింది. బేబ్ తరఫు యువ న్యాయవాది బార్నెట్ దగ్గర జాకరీ అవినీతి పత్రాలు ఉన్నాయి. అటువైపు ఫొటోలు, ఇటువైపు పత్రాలు. పెద్దమనుషుల బేరం కుదురుతుంది. ఫొటోలు బయటికి రావు, జాకరీ బండారమూ బయటపడదు. విలీ జేను అర్ధరాత్రి బస్సులో ఉత్తరాదికి పంపేస్తారు. బేబ్ ఒడ్డున పడుతుంది. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. తరువాత కేకు వస్తుంది.

ఇప్పుడు ఆ ఏడూ ఆ ఊరూ ఒకసారి తలచుకోండి. 1955 ఆగస్టులో ఇదే మిసిసిపీ రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి బాలుణ్ణి, ఒక తెల్ల స్త్రీతో మర్యాద తప్పి ప్రవర్తించాడన్న నిందతో, రాత్రివేళ ఇంట్లోంచి ఎత్తుకుపోయి చంపారు. అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ హంతకులను వదిలేసింది. మరుసటి ఏడు వాళ్ళే ఒక పత్రికకు చంపింది తామేనని చెప్పుకున్నారు. హెన్లీ నాటకంలోని కాలం దానికి పంతొమ్మిదేళ్ళ తరువాతది. జాత్యంతర వివాహాలను నిషేధించే చట్టాలను అమెరికా సుప్రీం కోర్టు 1967లో కొట్టివేసినా, మిసిసిపీ తన రాజ్యాంగంలో ఆ నిషేధపు వాక్యాన్ని 1987 దాకా అలాగే ఉంచుకుంది. అలాంటి చోట ఒక సెనేటరు భార్యతో పట్టుబడిన పదిహేనేళ్ళ నల్ల కుర్రాడి ప్రాణం ఏ దారం మీద వేలాడుతున్నదో మిసిసిపీలో పుట్టి పెరిగిన రచయిత్రికి తెలియదనుకోవడం కష్టం. తెలిసి కూడా ఆ భయాన్ని ఆమె రంగస్థలం మీదికి రానివ్వలేదు.

మరొక సంగతి. ఆ కుర్రాడికి పదిహేనేళ్ళు, ఆమెకు ఇరవై నాలుగు. ఇరవై నాలుగేళ్ళ మగవాడు, పదిహేనేళ్ళ పిల్ల అయితే నేటి ప్రేక్షకుడు దాన్ని ప్రణయమని ఊరుకోడు. ఇక్కడ మాత్రం అది ఒంటరి ఆడదాని అమాయకమైన ఊరటగా చెల్లిపోతుంది. ఎందుకంటే కుర్రాడి మనసేమిటో అడిగే అవకాశమే నాటకం మనకు ఇవ్వదు. అతను బేబ్ మాటల్లోనూ ఫొటోల్లోనూ తప్ప మరెక్కడా లేడు. ఒక మనిషి నాటకంలో ఆధారపత్రంగా మాత్రమే మిగలడం ఎంత దారుణం!

దీనికి నాకు తెలిసిన అభ్యంతరాలు మూడు ఉన్నాయి. వాటికి జవాబు చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు.

మొదటిది: విలీ జే ఒక్కడే కాదు, జాకరీ కూడా కనబడడు, తాత కూడా కనబడడు కదా అంటారు. నిజమే. కాని జాకరీ ఆసుపత్రి నుంచి ఫోను చేసి, నిన్ను పిచ్చాసుపత్రిలో వేయిస్తానని బేబ్‌ను బెదిరిస్తాడు. ఆ తరువాతే ఆమె ఉరితాడు పట్టుకుంటుంది. తాత స్పృహ లేకుండా పడి ఉండి కూడా ఇంటిని ఏలుతాడు. కనబడకపోయినా వాళ్ళకు అధికారం ఉంది. విలీ జే కనబడడు. అతనికి ఫోనూ లేదు, మాటా లేదు. తెర వెనక ఉండటం అందరికీ ఒకటి కాదు. యజమాని తెర వెనక ఉండటం వేరు, కూలివాడు తెర వెనక ఉండటం వేరు.

రెండోది: ఇది హాస్య నాటకం, దీని మీద ఇంత బరువు పెట్టకూడదంటారు. మరి అదే నాటకంలో లెనీ ముసలి గుర్రం పిడుగు పడి చచ్చిందన్న వార్తకు చోటు దొరికింది. ఆ గుర్రానికి పేరుంది, దాని కోసం లెనీ పెట్టే కన్నీళ్ళున్నాయి, ఆమె ఒంటరితనం ఆ చావుతో మనకు మరింత తెలిసివస్తుంది. మంచి సన్నివేశమే. గుర్రం చావుకు తూగిన హాస్య నాటకం ఒక కుర్రాడి ప్రవాసానికి ఎందుకు తూగదు? బరువు మోయలేకపోవడం హాస్యపు లక్షణం కాదు. ఏ బరువు మొయ్యాలో ఎంచుకున్నది రచయిత్రి.

మూడోది గట్టి అభ్యంతరం. 1974 మిసిసిపీలో అతను ఊరు విడవక తప్పదు, నాటకం ఉన్నదున్నట్టు చూపింది, అంటారు. ఒప్పుకుంటాను. అతను ఊళ్ళోనే ఉండి సుఖపడ్డాడని రాస్తే అది అబద్ధమై ఉండేది. నేను అడిగేది సుఖాంతం కాదు. ఆ బస్సు వెళ్ళిన చప్పుడు అక్కచెల్లెళ్ళకు వినబడిందా అని అడుగుతున్నాను. బేబ్ ఏడవటానికి కారణాలు నాటకంలో చాలా ఉన్నాయి. ఆ కుర్రాడి ఇల్లు, అతని తల్లి, అతని బడి ఏమయ్యాయన్న ఆలోచన వాటిలో లేదు. ఉన్నదున్నట్టు చూపడమే వాస్తవికత అనుకుంటే సగం లోకాన్ని చూపి ఊరుకున్నా వాస్తవికతే అవుతుంది. మనం ఆ నిర్వచనాన్ని ఎప్పుడో వదులుకున్నాం.

ముగ్గురు అక్కచెల్లెళ్ళు అనగానే ఎవరికైనా చెహోవ్ గుర్తుకొస్తాడు. హెన్లీని ఆయనతో పోల్చిన విమర్శకులు ఉన్నారు కూడా. సరే, పోల్చి చూద్దాం. 1901లో మాస్కో ఆర్ట్ థియేటరు ప్రదర్శించిన ‘ముగ్గురు అక్కచెల్లెళ్ళు’ తండ్రి పోయి సరిగ్గా ఏడాది నిండిన రోజున మొదలవుతుంది. ఆ ఇంట్లో అన్‌ఫీసా అని ఎనభై ఏళ్ళ ముసలి దాది ఉంది. కొత్తగా వచ్చిన కోడలు నటాషా ఆమెను పనికిరాదని వెళ్ళగొట్టమంటుంది. ఆ మాటకు ఓల్గా విలవిలలాడుతుంది. నాలుగో అంకంలో అక్కచెల్లెళ్ళు ముగ్గురూ సర్వం పోగొట్టుకుంటారు. మాస్కో కల పోయింది, ప్రేమలు పోయాయి, ఇల్లు పోయింది. ఇంత నష్టం మధ్యలో చెహోవ్ ఆ ముసలిదాన్ని మరిచిపోలేదు. ఓల్గాకు బడి తరఫున ఇచ్చిన ఇంట్లో తనకొక గది, తనకొక మంచం దొరికాయని అన్‌ఫీసా సంతోషంగా చెప్పుకుంటుంది. పెద్దింటి ఆడపిల్లల దుఃఖాన్ని కొలవడానికి చెహోవ్ పెట్టిన కొలబద్ద ఆ దాది. వాళ్ళు ఎంత కూలిపోయినా మనుషులుగా నిలిచారా లేదా అన్నది ఆమె గతిని బట్టి మనకు తెలుస్తుంది.

అంత దూరం పోనక్కరలేదు. నవ్వుతో ఏడిపించడం మనకు నేర్పిన గురజాడను చూడండి. ‘కన్యాశుల్కం’లో కూడా అక్కచెల్లెళ్ళున్నారు, బుచ్చమ్మ, సుబ్బి. ఒకతె వైధవ్యానికి బలి అయింది, రెండోది ముసలి లుబ్ధావధాన్లుకు అమ్ముడు పోబోతున్నది. రంగస్థలం మీద సుబ్బి వాటా బహు స్వల్పం. కాని ఆ పసిపిల్ల కోసమే మేనమామ కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేసి తీసుకుపోతాడు. ఆ వేషం నుంచే నాటకంలోని నవ్వంతా పుడుతుంది. మనం విరగబడి నవ్వుతున్నంతసేపూ ఆ నవ్వు సుబ్బిని కాపాడే పనిలోనే ఉంటుంది. గురజాడ నవ్వు కనబడని మనిషి వైపు నడుస్తుంది. హెన్లీ నవ్వు కనబడని మనిషిని బస్సెక్కించి వెనక్కు తిరిగి వస్తుంది. రెండు నవ్వులకూ తేడా ఇదే. ఇది శిల్పానికి సంబంధించిన తేడా అని కొందరంటారు. రచయిత ఎవరి పక్కన నిలబడి లోకాన్ని చూస్తున్నారన్న దానికి సంబంధించిన తేడా అని నేనంటాను. శిల్పం ఆ నిలబడిన చోటు నుంచే పుడుతుంది.

ఇక మా విద్యార్థి ప్రశ్న. ఆ బస్సు ఎక్కడికి పోయింది? నాటకం చెప్పకపోయినా చరిత్ర చెబుతుంది. ఇరవయ్యో శతాబ్దపు రెండో దశకం నుంచి 1970 దాకా సుమారు అరవై లక్షల మంది నల్లజాతివాళ్ళు అమెరికా దక్షిణాది రాష్ట్రాలు విడిచి ఉత్తరాదికీ పడమటి నగరాలకూ తరలిపోయారు. కొందరు కూలి కోసం, కొందరు ఓటు కోసం, ఎందరో ప్రాణం కోసం. మిసిసిపీ వాళ్ళకు షికాగో దారి పుట్టింటి దారి అంత పరిచయం. విలీ జే ఎక్కిన అర్ధరాత్రి బస్సు ఆ మహా ప్రవాహంలో ఆఖరి నీటిబొట్టుల్లో ఒకటి. హెన్లీ ఒక్క వాక్యంలో దాటేసింది ఒక జాతి అర్ధశతాబ్దపు ప్రయాణాన్ని.

ఆ బస్సు దిగిన చోటు కూడా అమెరికన్ నాటకంలో ఉంది. 1959లో లొరైన్ హాన్స్‌బెరీ ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ బ్రాడ్వే మీద ప్రదర్శితమైంది. ఒక నల్లజాతి స్త్రీ రాసిన నాటకం బ్రాడ్వే ఎక్కడం అదే మొదలు. షికాగో దక్షిణ భాగంలో ఇరుకు వాటాలో బతుకుతున్న యంగర్ కుటుంబం చనిపోయిన తండ్రి బీమా డబ్బుతో తెల్లవాళ్ళ పేటలో ఇల్లు కొనుక్కుంటుంది. ఆ పేటవాళ్ళు మర్యాదగా ఒక మనిషిని పంపి, మీకు నష్టం రాకుండా డబ్బిస్తాం, రావద్దు, అని బేరం పెడతారు. అక్కడ కూడా బేరమే! హేజల్‌హర్స్ట్‌లో ఫొటోలకు పత్రాలు, షికాగోలో ఇంటికి డబ్బు. విలీ జే పారిపోయి చేరిన చోట అతని కోసం కాచుకుని ఉన్నది ఇది. నేనిప్పుడు ఈ రెండు నాటకాలనూ కలిపే పాఠం చెబుతున్నాను. ఒకదానిలో బస్సెక్కిన కుర్రాడు రెండోదానిలో దిగుతాడని చెబితే విద్యార్థులు వెంటనే పట్టుకుంటారు.

హేజల్‌హర్స్ట్ గురించి ఒక్క విషయం చెప్పకుండా ఉండలేను. బ్లూస్ సంగీతంలో మహాపురుషుడనదగ్గ రాబర్ట్ జాన్సన్ పుట్టిన ఊరు అదేనని చెబుతారు. ఊరూరా గిటారు పట్టుకుని తిరిగి, 1938లో ఇరవై ఏడేళ్ళకే పోయాడు. నాటకంలో మెగ్ పాటగత్తె, బేబ్ శాక్సఫోను నేర్చుకుంటుంది, చివరి దృశ్యం మీద ఆ వాద్యమే వినబడుతుంది. ఆ వాద్యానికి జాజ్‌లో గొంతు ఇచ్చిన జాతి మాత్రం ఆ వంటింట్లో అడుగు పెట్టలేదు. పాట లోపలికి వచ్చింది, పాడినవాడు గుమ్మం బయటే ఆగిపోయాడు.

అయితే ఈ నాటకాన్ని అవతల పారేయాలా? అలా అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. దోషం కనబడగానే పుస్తకం మూసేయడం మన అభ్యుదయ విమర్శకు పట్టిన పాత జబ్బు. మడతమంచం మీద పడుకునే లెనీని, చీపురెత్తిన లెనీని నేను వదులుకోలేను. ఆడవాళ్ళు ఒకరికొకరు దూరం కావడం విధి కాదని, ఇల్లు చేసిన పని అని, ఆ పనిని చెరపవచ్చని ఈ నాటకం చూపినంత సరదాగా, అంత సూటిగా చూపిన నాటకాలు ఎక్కువ లేవు. కాని ఆ విముక్తి లెక్క పూర్తిగా చూడాలి. తాత పెట్టిన సంకెళ్ళను ముగ్గురూ తెంచుకున్నారు. ఆ సంకెళ్ళు తెగడానికి అయిన ఖర్చు, ఆ ఇంటి వాడు కాని ఒక కుర్రాడి పద్దులో పడింది. ఒక పీడితుడి మెడ మీదుగా మరొక పీడితురాలు గట్టెక్కడం లోకంలో జరిగేదే. జరిగేదే గనక దాన్ని చూపాలి. చూపి, దాన్ని గెలుపు అని మాత్రం అనకూడదు.

ఆ విద్యార్థి తరువాత ఒకరోజు స్టాఫ్ రూముకు వచ్చాడు. ఆ ప్రశ్న నీకెందుకు తోచిందని అడిగాను. అతను కాసేపు ఆగి, “మా వాడలో ఇలాంటి కథ వింటే మేం మొదట అడిగేది అదే సార్. పిల్లాడు బతికున్నాడా, ఎక్కడున్నాడు అని. అమ్మాయి సంగతి తరవాత” అన్నాడు. కులం దాటిన ప్రేమకు ముందుగా ఎవరి ప్రాణం మీదికి వస్తుందో తెలిసిన చోటు నుంచి వచ్చిన మాట అది. నేను అన్నేళ్ళు పాఠం చెప్పి చూడలేనిది అతను ఒక్క పూటలో చూశాడంటే, అతని తెలివి ఒక్కటే కారణం కాదు, అతను కూర్చున్న చోటు కూడా కారణం. నేను కూర్చున్న చోటు నుంచి నాకు వంటిల్లే కనబడింది.

కిందటేడు మా విద్యార్థులు ఈ నాటకంలోని చివరి అంకాన్ని తెలుగులోకి మార్చి కాలేజీలో ఆడారు. మాటలు మార్చే హక్కు మనకు లేదు గనక మార్చలేదు. కాని ఒక పని చేశారు. విలీ జే బేబ్ దగ్గర విడిచిపెట్టిన కుక్క కోసం వంటింటి మూల ఒక సత్తు గిన్నె పెట్టారు. చివర ముగ్గురూ కేకు కోసుకుని నవ్వుతుండగా, బేబ్ వేషం వేసిన అమ్మాయి ఒక్క క్షణం నవ్వు ఆపి ఆ గిన్నె వైపు చూసింది. తరువాత మళ్ళీ నవ్వింది. ప్రేక్షకుల్లో చాలామంది అది గమనించలేదు. గమనించినవాళ్ళు బయటికి వచ్చి నన్ను అడిగిన మొదటి మాట, “ఆ కుర్రాడు ఏమయ్యాడండీ?” అని.